పుణ్యవతి ఆపిన పాట

పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య గుడ్డముక్క వేస్తూ పుణ్యవతి పదకొండో పళ్ళెం పేర్చింది. పాత దుప్పటి చింపి నాలుగు మడతలు పెట్టి ఆమే కుట్టుకున్న ముక్కలవి. పన్నెండో పళ్ళెం అంచు సొట్టపోయి ఉంది. అది ఎలా పెట్టినా ఊగుతుంది. దాన్ని పైన బోర్లించి, రెండు అరచేతులూ కాసేపు దానిమీదే ఆన్చి, ఊగడం ఆగిందని నమ్మకం కలిగాక చేతులు తీసింది.

కొరాపుట్ స్టేషన్ చివర, గూడ్సు లైన్ల పక్కనున్న రన్నింగ్ రూము అది. రాత్రంతా బండి నడిపిన డ్రైవర్లూ గార్డులూ అక్కడ దిగి, తిని, పగలు పడుకుంటారు. కిటికీలకు నల్ల పరదాలు. వరండాలో మూడు భాషల్లో బోర్డు: సిబ్బంది విశ్రాంతిలో ఉన్నారు, నిశ్శబ్దం పాటించండి. ఆ బోర్డును పుణ్యవతి ఎప్పుడూ పట్టించుకోలేదు. అది బయటి నుంచి వచ్చేవాళ్ళ కోసం.

ఆమె వంట చెయ్యడం చూస్తే మూకీ బొమ్మ చూసినట్టు ఉంటుంది. ఆఫీసు వాళ్ళు పంపిన పెద్ద కుక్కరు అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. కూత పెట్టే వస్తువుకు ఆ వంటింట్లో చోటు లేదు. తిరగమోత వెయ్యాలంటే మూకుడు పట్టుకుని పెరట్లో ఉన్న రెండో పొయ్యి దగ్గరకు పోతుంది. ఆవాలు చిటపటలాడే ముందే మూత పెడుతుంది. గాజులు వేసుకోదు. దగ్గు వస్తే పమిట నోట్లో కుక్కుకుంటుంది. డ్యూటీకి లేపాల్సిన వాళ్ళను కూడా పిలవదు. ఒక గదిలో నలుగురు పడుకుంటే లేవాల్సినవాడు ఒక్కడే కదా. దుప్పటి మీదనుంచి కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా రెండుసార్లు నొక్కుతుంది. రెండోసారికి ఎంత మొద్దునిద్రవాడైనా లేచి కూర్చుంటాడు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మొగుడు మన్మథరావు గూడ్సు గార్డు. జ్వరం తలకెక్కి వారంలో పోతే, ఆ మీద రైల్వే వాళ్ళు ఆమెకు ఈ ఉద్యోగం ఇచ్చారు. పిల్లలు లేరు. ఉద్యోగంలో చేరిన రోజున, ఏం చెయ్యాలో ఎలా చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం కూడా రాలేదు. మన్మథరావు బతికున్నన్నాళ్ళూ రాత్రి బండ్లకే వెళ్ళాడు. ఆమె ఏడేళ్ళ కాపురమూ పగలు పడుకున్న మగవాడి చుట్టూ మునివేళ్ళ మీద నడిచింది. అంతకుముందు మాచ్‌ఖండ్ కాలనీలో తండ్రి అసిరయ్య పవర్ హౌస్‌లో రాత్రి షిఫ్టు చేసేవాడు. "ఒల్లకుండు, నాయిన పడుకున్నాడు" అనే మాట తల్లి నోట ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. ఆడపిల్లలు చింతపిక్కలు ఆడితే మడత పెట్టిన తువాలు మీదే ఆడాలి. నవ్వు వస్తే గౌను కాలరు పళ్ళతో కరిచి పట్టుకోవాలి. పుణ్యవతికి నవ్వంటే ఇప్పటికీ ముందు నాలిక మీద తడిసిన గుడ్డ రుచే వస్తుంది.

తన గొంతు ఎలా ఉంటుందో తనకే సరిగ్గా తెలియదు. ఒకప్పుడు ఉండి పోయిందని ఆమె అనుకోదు. ఎవరిదో సామాను తన ఇంట్లో ఓ మూల పెట్టి వెళ్ళినట్టు, విప్పి చూడడం మర్యాద కాదన్నట్టు ఉండేది, అంతే.

పొగమంచు వల్ల మొదటి గూడ్సు పదకొండు దాటాక వచ్చింది. పెద్ద డ్రైవరు రమణమూర్తి చేతులు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఎస్.కోట వైపు మనిషి. గుమ్మం దాటితే ఆయన గొంతు కూడా సగమైపోతుంది.

"ఏటుందమ్మా పున్నెవతీ?"

"పప్పుసారు. వంకాయ. రెండు సేపముక్కలు మీకని దాసేను."

"నీ సేతిలో గరిటి కూడా ఊపిరి బిగబట్టుకుంటాది గదా." ఆయన ఆమె వైపు తేరిపార చూశాడు. "కొత్త కోక కట్టేవు. ఏటి సంగతి?"

"పాటకి ఎల్తన్నాను బాబూ. మా పక్కింటి సస్మితది. అదీ వాళ్ళ జట్టూ వాయిస్తారు."

"ఆ డబ్బాలు బాదే పిల్లా? ఆ గోలలో నువ్వేటి సేస్తావు?"

"పళ్ళెం పట్టుకుంటాను."

రమణమూర్తికి అర్థం కాలేదు. నిద్రకళ్ళతో తలూపి, అన్నం తిని, గదిలోకి పోయి పడుకున్నాడు. సాయంత్రం ఏడింటికి లేపాలి. పుణ్యవతి రెండో వంటమనిషి చిన్నమ్మికి అన్నీ అప్పజెప్పింది. ఏ గదిలో ఎవరున్నారో వేళ్ళతో చూపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని వరండా దాటి, మెట్టు దిగాక తొడుక్కుంది.

సస్మిత పెద్దాసుపత్రిలో నర్సు. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా ఉన్న మేనమామ క్వార్టర్లో ఉంటోంది, పుణ్యవతి క్వార్టరు పక్కదే అది. రెంటికీ వెనకవైపు ఒకే పెరడు, ఆ పెరటి గోడకు ఆనుకునే రన్నింగ్ రూము. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ పిల్ల పెరట్లో తలకిందులు చేసిన పెయింటు డబ్బాలు నాలుగు పెట్టుకుని బాదడం మొదలుపెట్టింది. లోపల ఆరుగురు డ్రైవర్లు నిద్రలో ఉన్నారు. పుణ్యవతి చేతిలో అట్లకాడతో పరుగెత్తుకు వచ్చింది. కసరడానికే వచ్చింది. పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడింది. సస్మిత కళ్ళు మూసుకుని వాయిస్తోంది, చెమట గడ్డం మీదనుంచి డబ్బా మీద పడి చిమ్ముతోంది. ఒక నిమిషం తరవాత పుణ్యవతి వేలు దించింది. ఇంకో నిమిషానికి బట్టలుతికే రాయి మీద కూర్చుంది. ఆ రోజు వంకాయ మాడింది. మర్నాడు నాలుగు పాత గోనెసంచులు తెచ్చి డబ్బాల కింద పరిచి, "ఇలగైతే గోడ దాటదు. వాయించు" అంది.

వాళ్ళ జట్టు పేరు ఫటా ఢోల్, అంటే చిరిగిన డోలు. మహురి సన్నాయి వాయించే లక్ష్మణ పెళ్ళిళ్ళలో ఊదే కుటుంబం వాడు. నాగచైతన్య తెరుబలి నుంచి వస్తాడు, వాళ్ళ నాన్న అక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతని గిటారు వైరు రెండు చోట్ల ఆసుపత్రి ప్లాస్టరుతో అతికించి ఉంటుంది. ఊళ్ళలో ఢెంసా ఆడేటప్పుడు కొట్టే దరువే కొడతారు గాని రెండింతల వేగంతో, ఎవరో తరుముకొస్తున్నట్టు. వాళ్ళ పాటలేమో ఎప్పటికీ రాని బస్సు మీద, వేలిముద్ర పడని రేషను మిషను మీద, సెలైను సీసా పట్టుకుని నిలబడి నిద్రపోయే నర్సు మీద.

రెండేళ్ళ కిందట మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు పుణ్యవతి ముందు వరసలో కూర్చుంది. పాట మధ్యలో స్టాండు జారి, సస్మిత కొట్టే పెద్ద ఇత్తడి పళ్ళెం పక్కకు ఒరిగి కిందపడబోయింది. ఎవరికీ తెలిసేలోపలే పుణ్యవతి లేచి వెళ్ళి దాన్ని రెండు అరచేతులతో నొక్కి పట్టేసింది. పళ్ళెం పడితే ఎవరైనా చెయ్యాల్సింది అదే కదా. పట్టుకున్నాక గాని తను ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. ఆ హఠాత్తు చర్యకు జట్టంతా ఆగిపోయింది, జనమూ ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో సస్మిత నవ్వాగక "ఓఓ" అని అరిచింది. పోయిన కరెంటు తిరిగొచ్చినప్పుడు ఊరంతా అరిచినట్టు. జనం కూడా అరిచారు. పాట మళ్ళీ సాగింది.

ఆ తప్పు పాటలో భాగమైపోయింది. దానికోసమే సస్మిత కరెంటు పాట కట్టింది. తీగలు మా నెత్తిమీదుగానే పోతాయి, దీపం మాత్రం పక్కూరిది, అని అక్కడి కొండయాస దేశియాలో పాడుతుంది. చివరి చరణం ముందు పుణ్యవతి పైకి వచ్చి పళ్ళెం పట్టుకుంటుంది. పాటలో కరెంటు పోతుంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నిశ్శబ్దం. అప్పుడు సస్మిత అరుస్తుంది.

నిన్న పెరట్లో పెట్టె సర్దుకుంటూ సస్మిత అంది: "మౌసీ, రేపు అరుపు నీది." మౌసీ అంటే పిన్ని. తెలుగు పుణ్యవతి దగ్గరే నేర్చుకుంది గనక ఆ పిల్ల తెలుగులోనూ శ్రీకాకుళం యాసే.

"నాకు రాదే అమ్మీ."

"మూడేళ్ళైంది. నీ గొంతు ఒక్కసారి ఇన్నానేటి? రోజూ గుసగుస. భువనేశ్వర్‌లో నిన్ను తలుసుకుంటే గుసగుస తలుసుకోవాలేటి నాను?" బట్టలు మడతపెడుతున్న చేతులు ఆగాయి. "ఒక్క అరుపు ఇచ్చీ. నాతో పట్టుకుపోతాను."

భువనేశ్వర్‌లో పెద్ద ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. సాయంత్రం బండికి ప్రయాణం. మధ్యాహ్నం రెండున్నరకు ఆఖరి పాట.

పార్శిల్ ఆఫీసులో గుమాస్తా వీణ స్కూటీ మీద వచ్చి గేటు దగ్గర హారను కొట్టబోయి, ఆమెను చూసి మానుకుంది. ఫటా ఢోల్ ఎక్కడ వాయించినా వీళ్ళిద్దరూ కలిసే వెళ్తారు. ఒకసారి రాయగడ దాకా కూడా వెళ్ళారు.

"ఎక్కు పిన్నీ బేగి. గొంతుకి నూనె రాసేవా?"

"ఒల్లకో."

"అదుగో, ఆ మాటే కాస్త గట్టిగా అను సూద్దాం. అలవాటవుతాది."

సంత లేని రోజు గనక సంత షెడ్డు ఖాళీగా ఉంది. సిమెంటు అరుగుల మీద ఎండుచేపల వాసన, కింద తొక్కుడుపడిన అల్లం. ఎనభై మంది దాకా చేరారు. నర్సింగు పిల్లలు, ఆటోవాళ్ళు, అమ్ముడుపోని కూర గంపలతో ఆగిపోయిన ఇద్దరు ముసలమ్మలు. లక్ష్మణ సన్నాయి పీకను నోట్లో నానబెట్టుకుంటున్నాడు. సస్మిత కర్రలు రెండూ ఎత్తి, పుణ్యవతి వచ్చిందని చూసుకుని, మొదటి దెబ్బ వేసింది.

వీణ ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి ఢెంసా ఆడేవాళ్ళ వరసలోకి లాగింది. అటువైపు నుంచి ఒక ముసలమ్మ చెయ్యి వచ్చి వీపు మీద బిగిసింది. మూడడుగులు ముందుకు, ఒకటి వెనక్కి, మోకాలు కాస్త వంచి. మహురి మైకులో కీచుమంటోంది, గిటారు గొంతు రాసుకుపోయినట్టు గరగరమంటోంది, డ్రమ్ము దెబ్బ సిమెంటు గచ్చులోంచి మడమల్లోకి ఎక్కుతోంది. ఈ గోల అంటే తనకు ఎందుకింత ఇష్టమో పుణ్యవతి ఒకటి రెండుసార్లు ఆలోచించింది. ఇక్కడ ఏం పడినా, ఏం మోగినా తను చేయగలిగింది లేదు. ఏ నిద్రకూ తను కాపలా కాదు. చెవులు రెండూ డ్యూటీ దిగిపోతాయి. ఎక్కడో భుజాల వెనక యాభై ఏళ్ళుగా బిగిసి ఉన్న ముడి ఒకటి, ఇదిగో ఇప్పుడు, ఈ ముసలమ్మ చెయ్యి కింద, వదులవుతోంది.

కరెంటు పాట వచ్చింది. చివరి చరణం ముందు సస్మిత ఆమె వైపు తలూపింది.

పుణ్యవతి అరుగెక్కింది. కర్ర పళ్ళెం మీద పడడం, ఆమె చేతులు దాన్ని పట్టడం దాదాపు ఒకేసారి జరిగాయి. ఇత్తడి వణుకు అరచేతుల్లోంచి మణికట్టుకు, మోచేతికి ఎక్కి, అక్కడ చచ్చిపోయింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

నోరు తెరిచింది. నాలిక మీద గౌను కాలరు రుచి. గాలి గొంతుదాకా వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకునే చుట్టంలా ఆగి నిలబడింది. ఆరు. ఏడు. ఎవరూ కదలలేదు. రోడ్డు మీద ఆటోవాడొకడు ఇంజను ఆపేశాడు. గంప దించుతున్న ముసలమ్మ దాన్ని నేలకు ఆన్చకుండా మోకాలి మీదే నిలిపింది. ఒక తల్లి చంటిదాని నోటికి రొమ్ము అందించింది. ఎనభై మందీ తనలాగే ఊపిరి మీద కాపలా కూర్చున్నారు. పదిహేను. ఇరవై. సస్మిత కర్రలు ఒళ్ళో పెట్టుకుని ఆమెనే చూస్తోంది. తొందరపెట్టలేదు, సాయమూ రాలేదు.

చివరికి లక్ష్మణకే ఊపిరి ఆగలేదు. మహురి దానంతటది కుయ్యిమంది. జనం గొల్లున నవ్వారు. సస్మిత అరిచింది. పాట అందుకుంది.

టీబడ్డీ దగ్గర కాగితం గ్లాసు పట్టుకుని పుణ్యవతి తల ఎత్తలేదు.

"పిన్నీ, నీ లైన్లో కరెంటు రాదేటి?" వీణ అంది. అని, ఆమె మొహం చూసి నాలుక కరుచుకుంది.

నాగచైతన్య డ్రమ్ములు ఆటోకి ఎక్కిస్తూ, "అంత సేపు ఎవుల్నీ ఆపలేం మనం. అదే అదిరిపోయింది పిన్నీ, నిజంగా" అన్నాడు.

సస్మిత మాత్రం అలా అనలేదు. పక్కన కూర్చుని, చెమటకు తడిసిన తల ఆమె భుజానికి ఆన్చింది. "బాగుంది మౌసీ. కానీ నాకు కావలసింది అది కాదు. అది నీ దగ్గర రోజూ ఉంటాది."

"కోపమేటే?"

"కోపం లేదు. ఆశ."

స్టేషనులో బండి మూడు నిమిషాలే ఆగుతుంది. మేనమామ డ్యూటీలో ఉండి రాలేకపోయాడు. వీణ పెట్టె ఎక్కించింది. పుణ్యవతి కట్టిచ్చిన పులిహోర పొట్లం సస్మిత చేతిలో ఉంది. మంచు ప్లాట్‌ఫారం మీదికి దిగుతోంది, దీపాల చుట్టూ పసుపుపచ్చగా. తలుపు దగ్గర నిలబడి సస్మిత ఏదో అంది. పక్క లైనులో ఇంజను రొదకు వినబడలేదు.

"జాగర్తే అమ్మీ. ఏలకి తిను," పుణ్యవతి అంది.

సస్మిత చెవి వెనక చెయ్యి పెట్టింది. "ఏటీ?"

"ఏలకి తిను."

రెండోసారి కూడా అంతే వచ్చింది, వంటింట్లో వచ్చినంతే. సస్మిత విన్నట్టు తలూపింది. వినలేదని పుణ్యవతికి తెలుసు. బండి ఎప్పుడు కదిలిందో తెలియనంత మెల్లగా కదిలింది. పెట్టెలు ఒకటొకటిగా మంచులోకి పోయాయి. చివరి పెట్టె ఎర్రదీపం కూడా పోయాక వీణ, "దింపుతాను, రా పిన్నీ" అంది. ఆమె వద్దని చెయ్యి ఊపి, లైను పక్కనే నడిచి వచ్చింది.

ఆరు దాటింది. పక్క క్వార్టరుకు తాళం. ఏడింటికి రమణమూర్తిని లేపాలి, ఈలోగా రొట్టెలకు పిండి కలపాలి. తన వాకిలి తియ్యకుండా వెనకవైపు నుంచి పెరట్లోకి వచ్చింది. వస్తూనే ఆగిపోయింది.

రెండు ఇళ్ళకూ కలిపి కట్టిన బట్టల తాడు మీద, ఆ చివర, ఒక మేజోడు వేలాడుతోంది. నర్సులు వేసుకునే తెల్ల మేజోడు, ఒక్కటే. జత తీసుకున్నాననుకుని సస్మిత ఒకటే పెట్టెలో వేసుకుని పోయింది.

"ఓలమ్మీ! సస్మితా! మేజోడు ఒగ్గీసి ఎల్లిపోనావే!"

అది ఎక్కడినుంచి వచ్చిందో పుణ్యవతికి తెలియలేదు. ముందు ఎవరో వెనకనుంచి అరిచారనుకుంది. ముతకగా, కాస్త జీరగా, కొండ మీదనుంచి పశువుల్ని పిలిచే ఆడవాళ్ళ గొంతులా ఉంది. అది గోడ దాటి, రన్నింగ్ రూము రేకులు దాటి, గూడ్సు యార్డు మీదుగా బండి పోయిన దిక్కుకు పోయింది. యార్డులో కుక్క ఒకటి మొరిగింది. దాని వెనక ఇంకొకటి. బండి అప్పటికి ఎన్నో మైళ్ళు పోయి ఉంటుంది.

రన్నింగ్ రూములో పరదా కదిలి, కిటికీలో దీపం వెలిగింది.

"ఎవులమ్మా అది?" రమణమూర్తి గొంతు, నిద్రలో తడబడుతూ. "ఏటైంది? ఏటి పడిపోయింది?"

మామూలుగా అయితే పమిట నోట్లో కుక్కుకోవాలి. ఆమె చేతులు పక్కనే ఉన్నాయి.

"ఏటీ నేదు బాబూ!" పుణ్యవతి అంతే గట్టిగా అరిచింది. "మీరు పడుకోండి!"

రెండో కిటికీలోనూ దీపం వెలిగింది. ఆ వెలుతురు గోడ మీదనుంచి పెరట్లోకి, తాడు మీదికి పడింది. పొద్దున హడావిడిలో ఉతికి ఆరేసిన మేజోడు ఇంకా తడిగానే ఉంది, మడమ దగ్గర నీలం దారంతో వేసిన చిన్న కుట్టు. ఈ మంచుకు అది ఎల్లుండికి గాని ఆరదు.